రెండు పెట్టెల తప్పులు

బడి, స్టాఫ్ రూములో కిటికీ పక్క బల్ల
జూలై 8

తమ్ముడూ,

మీరంతా బాగున్నారనే అనుకుని నేరుగా అసలు సంగతికి వచ్చేస్తున్నాను. మూడో పీరియడ్ ఒక్కటే నాకు ఖాళీ, గంట కొట్టేలోపు ఈ ఉత్తరం ముగించాలి.

నా పీహెచ్‌డీకి మూడో గైడు నన్ను ఒప్పుకుంది! నిజంగానే ఒప్పుకుంది, కాగితం మీద సంతకం పెట్టి మరీ. నేను మొదటిసారి చాక్‌పీసు పట్టుకున్న ఏడాది ఈవిడ ఒకటో తరగతిలో ఉండి ఉంటుంది. అయినా నేను లేచి నిలబడి నమస్కారం పెట్టాను, ఆవిడ కూర్చోమంది. అక్కడికి వరసలు తేలిపోయాయి.

నీకు నా చదువు కథ ముక్కలు ముక్కలుగానే తెలుసు. పంతొమ్మిదేళ్ళకి ట్రైనింగ్ అయ్యీ అవగానే ఉద్యోగం. డిగ్రీ ప్రైవేటుగా కట్టి పాసవడానికి ఏడేళ్ళు, ఎందుకంటే పరీక్షలప్పుడే నాకు బదిలీలు వచ్చేవి. ఎమ్మేలో స్టాటిస్టిక్స్ రెండుసార్లు పోయింది. పీహెచ్‌డీకి చేరి పదకొండేళ్ళు. మొదటి గైడు నా మొదటి అధ్యాయం చదువుతూ చదువుతూనే రిటైరయ్యారు. రెండో గైడు డిపార్టుమెంటుతో పడక వేరే ఊరు వెళ్ళిపోయారు, నా రెండో అధ్యాయం కూడా ఆయన సామానుతోపాటే వెళ్ళిపోయింది. మీ బావ ఏమంటారో తెలుసా? "నువ్వు డాక్టరయ్యేసరికి నేను పేషెంటునవుతాను" అంటారు. నవ్వొస్తుంది, కోపమూ వస్తుంది.

ఇక ఆఖరి గడువు ఇచ్చారు. జనవరి 31, సాయంత్రం ఐదు గంటలు. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ రద్దు. మళ్ళీ చేరదామంటే నా వయసుకి రూల్సు ఒప్పుకోవు.

ఈ వయసులో ఆ డిగ్రీ నెత్తిన పెట్టుకుని ఏం చేస్తావంటారు అందరూ. నాకు జీతం పెరగదు, పోస్టు మారదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా నాలుగో తరగతి పిల్లలు తీసివేతలు ఎందుకు తప్పు చేస్తారో చూస్తున్నాను. ప్రపంచంలో నాకు గట్టిగా తెలిసింది అదొక్కటే. అది నాకు తెలుసని ఎవరో ఒకరు రాసి ఇవ్వాలి. అంతే నా ఆశ.

మీ ఇంట్లో అటక మీద పెట్టిన రెండు రేకు పెట్టెలు ఒకసారి చూడు. ఇరవై నాలుగు కట్టలు, కట్టకి అరవై పేపర్లు, పేపరుకి ఇరవై తీసివేతలు. ఆరేళ్ళు నాలుగు బళ్ళు తిరిగి పోగుచేసినవి. మా క్వార్టర్సు పైకప్పు కారుతుందనే కదా నీ దగ్గర పెట్టింది. తడి తగల్లేదు కదా? ఎలుకలు చేరలేదు కదా?

జవాబు ఉత్తరంలోనే రాయి. మీ ఇంట్లో ఫోను హాల్లో నాన్న కుర్చీ పక్కనే ఉంది. నా పీహెచ్‌డీ మాట ఆయన చెవిన పడకూడదు. పూర్తయ్యాక పుస్తకం తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టి అప్పుడు చెబుతాను. గంట కొడుతున్నారు.

అక్క

*

పళ్ళ ల్యాబు, వెనక గది
జూలై 21

అక్కా,

నీ ఉత్తరం ఇరవై రెండు దవడల మధ్య కూర్చుని చదివాను. ఈ నెల కట్టుడు పళ్ళకి గిరాకీ ఎక్కువగా ఉంది. బల్ల నిండా ప్లాస్టర్ అచ్చులే. నీకు గైడు దొరికిందని చదవగానే నేను నవ్వాను, వాటన్నిటికీ ముందునుంచీ నవ్వు మొహాలే కాబట్టి అందరం కలిసి నవ్వినట్టయింది.

పెట్టెలకి తడి తగల్లేదు. ఎలుకలూ చేరలేదు. నువ్వు నిశ్చింతగా ఉండు.

నాన్న సంగతి రాయాలి. ఏప్రిల్ నుంచీ మతిమరుపు ఎక్కువైందని చెప్పాను కదా. జూన్‌లో బళ్ళు తెరిచిన రోజున పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గొడుగు పట్టుకుని, మీ మరదలు కాఫీ కలిపేలోపు బస్టాపుకి వెళ్ళిపోయారు. రిటైరై పద్దెనిమిదేళ్ళయిందని నేను చెబితే, "అయితే ఆ క్లాసుకి ఎవరు వెళ్తున్నార్రా?" అని అడిగారు. నెలంతా ఇదే వరస. మా అందరికీ తల ప్రాణం తోకకొచ్చింది.

ఇప్పుడు కాస్త నయం. కుదురుగా ఉంటున్నారు. పొద్దున్న ఎనిమిదింటికల్లా బల్ల దగ్గర కూర్చుని ఏదో రాసుకుంటున్నారు, పన్నెండింటికి లేచి చెయ్యి కడుక్కుని అన్నానికి వస్తున్నారు. ఆకలి కూడా వేస్తోంది. నిన్న నాలుగో క్లాసు చదివే మనవరాలిని పిలిచి "నీ చేతిరాత బాగుందే" అని మెచ్చుకున్నారు. నీకు గుర్తుందా, ఆయన మనల్ని ఎప్పుడైనా మెచ్చుకున్నారా?

నువ్వు రాసుకో. బావకి నా తరఫున చెప్పు, పేషెంటయితే పళ్ళు మాత్రం నా దగ్గరే కట్టించుకోమని.

తమ్ముడు

*

యూనివర్సిటీ, రెండో అంతస్తు వరండా బెంచీ
సెప్టెంబరు 2

తమ్ముడూ,

గైడు గది బయట రెండు గంటల నుంచి కూర్చున్నాను. ఇందాక అటెండరు వచ్చి, "మీ అబ్బాయి ఏ కోర్సమ్మా?" అని అడిగాడు. నేనే స్టూడెంటునని చెప్పాను. పాపం, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

లోపల మొదటి విడత అయింది. అదే నీకు రాయాలని కాగితం తీశాను. నేను రాసిన నాలుగు అధ్యాయాలూ ఆవిడ చదివింది, ఎర్ర గీత లేని పేజీ లేదు. చివరికి ఒక్క మాట అంది: "మేడమ్, మీరు తప్పుల్ని లెక్కపెట్టారు, చూడలేదు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇరవై ఎనిమిదేళ్ళ దాన్ని పట్టుకుని చూడలేదంటుందా! తర్వాత ఆవిడ బోర్డు మీద వేసి చూపించింది. నీకూ చెబుతాను, విను. డెబ్భైలోంచి ముప్ఫై నాలుగు తీసెయ్యమంటే చాలామంది పిల్లలు నలభై నాలుగు వేస్తారు. నేను వాళ్ళందర్నీ ఒకే గుంపులో వేశాను. కానీ ఒక పిల్ల సున్నాని చూసి బెదిరి, అందులోంచి ఏమీ తియ్యలేక, కింద ఉన్న నాలుగునే దించేస్తుంది. ఇంకో పిల్లవాడు సున్నాకి బెదరడు, ఎక్కడైనా సరే పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తాడు. జవాబు ఒకటే, తప్పులు రెండు. ఏది ఎవరిదో తెలియాలంటే అదే పేపర్లో ఆ పిల్ల యాభై రెండులోంచి ఇరవై ఎనిమిది ఎలా తీసిందో చూడాలి. అక్కడ ముప్ఫై ఆరు వేస్తే పెద్ద అంకెలోంచి చిన్నంకె తీసే రకం. ఇరవై నాలుగని సరిగ్గా వేస్తే సున్నా భయం.

ఎంత చక్కగా చెప్పిందో! తమ్ముడూ, నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది. పదకొండేళ్ళలో నాకు పాఠం చెప్పిన గైడు ఈవిడే.

నా రిజిస్టర్లలో ఏ లెక్కకి ఎన్ని తప్పులని మాత్రమే ఉంది, ఏ పిల్ల ఏం వేసిందో లేదు. అందుకే అసలు పేపర్లు కావాలి. పధ్నాలుగు వందల నలభై పేపర్లూ మళ్ళీ ఒక్కొక్కటే చూడాలి. రోజుకి పాతిక చూసినా జనవరికి అవుతుంది. అక్టోబరు సెలవులకి నేనే వచ్చి పెట్టెలు తీసుకెళ్తాను. ఆ వంకరటింకర తప్పులన్నీ ఇప్పుడు నాకు బంగారం. నాన్న అడిగితే పాత బట్టలని చెబుదాం.

ఆవిడ పిలుస్తోంది. వెళ్ళొస్తా.

అక్క

*

ఇల్లు
సెప్టెంబరు 16

అక్కా,

ఉత్తరం అందింది. సెలవుల్లో రావొద్దు, ఇంటికి సున్నం వేయిస్తున్నాం, సామానంతా చిందరవందరగా ఉంటుంది. పెట్టెలు వీలు చూసుకుని నేనే పార్సిల్ చేయిస్తాను. ఆ రిజిస్టర్లతోనే ఎలాగోలా సర్దుకోవడం కుదరదా? గైడుని ఇంకోసారి అడిగి చూడు.

నాన్న బాగానే ఉన్నారు. అందరం బాగున్నాం.

తమ్ముడు

*

బడి, స్టాఫ్ రూము
సెప్టెంబరు 25

తమ్ముడూ,

నువ్వు రాసిన ఆ అరపేజీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. "వీడు నీళ్ళు నములుతున్నాడు" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. నీ ఉత్తరంలో ఒక్క జోకు లేదు, ఒక్క దవడ లేదు. మనం పుట్టి బుద్ధెరిగాక ఆ ఇంటికి నువ్వు సెలవుల్లో సున్నం వేయించింది ఎప్పుడు?

పెట్టెలకి ఏమైంది? చెదలు పట్టాయా? నీళ్ళు కారాయా? ఎవరికైనా అమ్మేశారా? మరదలు తెలియక పొయ్యిలో పెట్టిందా? ఏదైనా సరే రాసెయ్. సగం పోయినా ఫర్వాలేదు, మిగతా సగంతో నెట్టుకొస్తాను. ఏమీ తెలియకుండా రోజూ క్లాసులో నిలబడి పాఠం చెప్పలేకపోతున్నాను. నిన్న నా చేత్తో నేనే బోర్డు మీద తీసివేత తప్పు వేశాను. పిల్లలు నవ్వారు.

గడువుకి ఇంక నాలుగు నెలలే ఉంది. దాచకు.

అక్క

*

పళ్ళ ల్యాబు, వెనక గది
అక్టోబరు 3

అక్కా,

పెట్టెలు అలాగే ఉన్నాయి. పేపర్లూ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు. కానీ వాటిలో తప్పుల్లేవు.

మొదటినుంచీ చెబుతాను, మధ్యలో చించెయ్యకుండా చదువు.

జూలై ఒకటో తారీఖున నాన్న మళ్ళీ గొడుగు తీశారు. తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. నన్ను తోసేసి వెళ్ళే బలం ఆయనకి లేదు, వెళ్ళకుండా ఉండే మనసూ లేదు. నిలబడి ఏడ్చారక్కా. హెడ్డుమాస్టారుగా చేసిన మనిషి ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ సమయానికి నాకు అటక గుర్తొచ్చింది. ఒక కట్ట దింపి, "నాన్నా, ఇవాళ బడికి సెలవు, కానీ ఈ పేపర్లు దిద్దాలట" అన్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. గొడుగు మూలన పెట్టి బల్ల దగ్గర కూర్చున్నారు.

మహా అయితే ఎర్ర పెన్సిల్‌తో టిక్కులు పెడతారనుకున్నాను. దానివల్ల నీకు నష్టం లేదనుకున్నాను. ఆయన దిద్దే పద్ధతి ఏమిటో నేనే మర్చిపోయాను చూడు, ఆయన చేతి కింద చదివినవాణ్ణి. ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో ఏ పిల్ల పలక మీదా ఇంటూ కొట్టలేదని ఆయన గొప్పగా చెప్పుకునేవారు కదా. తప్పు కనిపిస్తే చెరిపేసి, ఆ పిల్ల రాసినట్టే సరైనది రాసి ఇచ్చేవారు. పిల్ల కంటికి తన చేతిరాతలో సరైన జవాబే కనపడాలనేవారు. అలాగే చేశారు. రబ్బరుతో ఒక్కొక్క తప్పూ నున్నగా చెరిపి, పెన్సిల్‌తో సరైన జవాబు రాశారు. పిల్ల తొమ్మిది వంకరగా రాసి ఉంటే ఆయనా వంకర తొమ్మిదే రాశారు. అందరికీ ఇరవైకి ఇరవై మార్కులు వేశారు.

కట్ట పూర్తయ్యాక గానీ నేను చూడలేదు. పెట్టెకి తాళం వేసేశాను. వారం తిరక్కుండానే ఆయన కనపడకుండా పోయారు. మధ్యాహ్నం మూడింటికి ఎక్కడో ఊరి చివర బడి నుంచి ఫోను. రెండో తరగతిలో కుర్చీలో కూర్చుని ఉన్నారట. ఆ టీచరమ్మ మంచిది, పిల్లల చేత ఎక్కాలు చదివించి ఆయన్ని కూర్చోబెట్టింది. చొక్కా జేబులో నేను రాసి పెట్టిన నంబరు చూసి చేసింది. ఎండలో నడిచి నడిచి ఆయన కాళ్ళు బొబ్బలెక్కాయి.

ఆ మర్నాడు నేనే తాళం తీశాను. తెలిసే తీశానక్కా. ఇందులో నాన్న తప్పేమీ లేదు. లెక్కలన్నీ రిజిస్టర్లలో ఎక్కించుకున్నానని నువ్వు పెట్టెలు దించిన రోజున అన్నావు. ఆ మాట పట్టుకుని, నీకిక ఇవి అక్కర్లేదని నాకు నేనే చెప్పుకున్నాను. మూడు రోజులకో కట్ట ఇచ్చాను. నువ్వు జూలైలో తడి గురించీ ఎలుకల గురించీ అడిగావు. నేను ఆ రెండిటికే జవాబు రాశాను. అబద్ధం రాయలేదని తృప్తిపడ్డాను కూడా.

సెప్టెంబరులో నీ ఉత్తరం వచ్చేసరికి ఇరవై రెండు కట్టలు అయిపోయాయి. మిగిలిన రెండూ ల్యాబుకి తెచ్చి నా బల్ల కింద దాచాను. నువ్వు తిట్టు. ఏం తిట్టినా నేను పడతాను.

తమ్ముడు

*

క్వార్టర్సు
అక్టోబరు 11

నీ ఉత్తరం అందింది.

మూడు రోజులు నీకు రాయకూడదనుకున్నాను. ఇప్పుడు కూడా నీ మీద జాలిపడి రాయడం లేదు.

నువ్వు ఒక్క ఉత్తరం ముక్క రాసి ఉంటే సరిపోయేది. జూలైలో, ఒక్క కట్ట పోయినప్పుడు. నేను పరుగెత్తుకుని వచ్చేదాన్ని. నీ దగ్గర ఉన్న పేపర్లు నీవి కావు. ఆ పిల్లలవి, ఆ తర్వాత నావి. బదిలీ అయిన ప్రతి ఊళ్ళోనూ ఆ పిల్లల్ని బతిమాలి కూర్చోబెట్టి రాయించుకున్నాను. ఇప్పుడు వాళ్ళలో చాలామందికి మీసాలు వచ్చేసి ఉంటాయి. ఎక్కడని వెతకను?

ఆయన మీద కూడా నాకు కోపంగానే ఉంది. మతి లేని మనిషి మీద కోపమేమిటని మీ బావ అంటున్నారు. నిజమే. కానీ నా పంతొమ్మిదేళ్ళప్పుడు మతి ఉన్న మనిషే కదా, నా డిగ్రీ దరఖాస్తు చదివి, మడిచి, "పిల్లలకి పాఠం చెప్పడానికి ఇంతకంటే ఎందుకమ్మా" అని అల్మైరాలో పెట్టేసింది. నేను ఏడవలేదు. ఆయన పెట్టని ఆ సంతకం ఇంకొకరి చేత పెట్టించుకోవడానికి అయిదేళ్ళు ఆగాను. ఇప్పుడు ఏడుస్తున్నాను.

ఆ రెండు కట్టలూ రిజిస్టరు పోస్టులో పంపు. చెరిపేసినవి కూడా పంపు, వెలుతురులో పెట్టి చూస్తాను. ఇంకేమీ రాయకు.

*

పళ్ళ ల్యాబు
నవంబరు 19

అక్కా,

రాయొద్దన్నావు. ఇది ఉత్తరం కాదు, పార్సిల్‌తో పెట్టే చీటీ అనుకో.

దిద్దని రెండు కట్టలూ ముందే అందాయి కదా. ఇవి చెరిపేసిన పేపర్లలో తొంభై ఆరు. మా ల్యాబులో పళ్ళ మీద గీతలు చూడటానికి ఒక దీపం ఉంది, పక్కనుంచి వెలుగు పడుతుంది. దాని కింద పెట్టి భూతద్దంతో చూస్తే, పిల్లలు పెన్సిల్ నొక్కి రాసినచోట పల్లం కనపడుతోంది. దాన్ని బట్టి పాత జవాబు ఏమిటో పక్కన సన్నగా రాశాను. రోజూ డ్యూటీ అయ్యాక కూర్చుంటున్నాను. మా ఓనరు చూసి, పెద్ద పేషెంటు దొరికాడా అని అడిగాడు.

కానీ చాలావాటిలో నాన్న చెయ్యి ఎక్కువ నొక్కుడు పడింది. పిల్లల అంకె కింద నాన్న అంకె ఉందో, నాన్న అంకె కింద పిల్లల అంకె ఉందో తెలియడం లేదు. మూడా ఎనిమిదా అని ఒక్కోదాని మీద అరగంట పోతోంది. నెల కష్టపడితే ఇన్నే వచ్చాయి. మిగతా పన్నెండు వందల చిల్లర జనవరికి నావల్ల కాదు. నా చేతకానితనం ఒప్పుకుంటున్నాను.

తమ్ముడు

*

యూనివర్సిటీ, అదే బెంచీ
డిసెంబరు 9

తమ్ముడూ,

తొంభై ఆరూ చూశాను. పన్ను చెక్కినంత జాగ్రత్తగా రాశావు. కోపం పోలేదు కానీ, నువ్వు భూతద్దం కింద తల వంచుకుని కూర్చున్నట్టు తలుచుకుంటే తిట్టడానికి నోరు రావడం లేదు.

గైడుకి అంతా చెప్పాను. దాచలేదు. మొదట ఆవిడకి అర్థం కాలేదు, "సరిచేశారా? అన్నీనా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడింది. నవ్వుతోందేమో అనుకున్నాను. కాదు.

నువ్వు పంపినవి ముందు పెట్టాను. ఒక్కొక్కటీ తిరగేసి మెల్లగా చెప్పింది: "మేడమ్, ఇవి మీ తమ్ముడుగారు చదివిన జవాబులు. పిల్లలు రాసినవని నేను సంతకం పెట్టలేను." తప్పనలేకపోయాను, ఆవిడ స్థానంలో నేనున్నా అదే అంటాను. దిద్దని నూట ఇరవై పేపర్లతో పీహెచ్‌డీ నిలబడదంది. కొత్తగా పిల్లల చేత రాయించుకోవాలంటే కనీసం రెండేళ్ళు. రెండేళ్ళు అడుగుతూ తనే దరఖాస్తు రాసి, తనే పట్టుకుని డీన్ గదికి వెళ్ళింది. నేను బయట నిలబడ్డాను. పది నిమిషాల్లో తిరిగొచ్చింది. ఆవిడ మొహం చూడగానే నాకు తెలిసిపోయింది, అడగలేదు. ఆవిడే "సారీ మేడమ్" అంది. ఆ అమ్మాయిని ఓదార్చి వచ్చి ఇక్కడ కూర్చున్నాను.

ఎవరి మీద అరవాలో తెలియడం లేదు. నువ్వు నాన్నని కాపాడావు. నాన్న పిల్లల్ని కాపాడాననుకున్నారు. గైడు రూలు తప్పలేదు. డీన్ కూడా మర్యాదగానే మాట్లాడాడట. అందరూ మంచివాళ్ళే, నా చేతిలో మాత్రం ఏమీ మిగల్లేదు.

నాన్న ఎలా ఉన్నారు? అడగకూడదనుకుంటూనే అడుగుతున్నాను.

అక్క

*

ఇల్లు
జనవరి 12

అక్కా,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. లేకపోతే నీ నెత్తిన ఇది కూడా పెట్టేవాణ్ణి కాదు.

దిద్దడానికి పేపర్లు అయిపోయినప్పటి నుంచీ నాన్న మళ్ళీ మొదటికొచ్చారు. పాత కట్టలే మళ్ళీ ఇచ్చి చూశాను. మా పేర్లు మర్చిపోతున్న మనిషి, "ఇవి అయిపోయాయిగా" అని పక్కకి నెట్టేశారు. నేనే రాత్రిళ్ళు కూర్చుని తప్పుడు తీసివేతలు వేసి ఇచ్చాను. మొదటి కాగితం చూడగానే, "ఇది పిల్లల తప్పు కాదు, ఎవరో పెద్దవాడు కావాలని చేసింది" అని నా వైపు చూశారు. మనవరాలి నోటు పుస్తకం రెండు రోజులు సరిపోయింది. దాని క్లాసు టీచరు చూసి, ఇంట్లో ఎవరో రాసి పెడుతున్నారని దాన్ని నిలబెట్టింది. అది ఏడుస్తూ వచ్చింది.

ఇప్పుడు తలుపుకి బయటనుంచి గడియ పెడుతున్నాం. ఎనిమిదింటికి చొక్కా తొడుక్కుని తలుపు దగ్గర నిలబడతారు. పదకొండు దాకా అలాగే నిలబడతారు. మీ మరదలు కుర్చీ తెచ్చి వేస్తే, క్లాసుకి ఆలస్యమవుతోందమ్మా అంటారు, కూర్చోరు. డాక్టరు మందు మార్చాడు, దానికి మత్తు తప్ప గుణం లేదు. నిన్న అన్నం కూడా తినలేదు.

నేను నిన్ను ఏమీ అడగడం లేదక్కా. అడిగే మొహం నాకు లేదు. ఎవరికి చెప్పుకోవాలో తెలియక రాశాను.

తమ్ముడు

*

బడి, స్టాఫ్ రూము
ఫిబ్రవరి 4

తమ్ముడూ,

ముప్ఫై ఒకటో తారీఖున సెలవు పెట్టి యూనివర్సిటీకి వెళ్ళాను. వెళ్ళి చేసేదేమీ లేదు, అయినా ఇంట్లో కూర్చోలేకపోయాను. థీసిస్‌లు తీసుకునే కౌంటరు దగ్గర నలుగురున్నారు. నా ముందు నిలబడ్డ కుర్రది ఐదు పుస్తకాలు బైండు చేయించి పసిపిల్లలా ఎత్తుకుని ఉంది. నా వంతు రాగానే గుమస్తా, "మీదేదమ్మా?" అన్నాడు. లేదన్నాను. రిజిస్టర్లో నా నంబరు వెతికి, స్కేలు పెట్టి గీత కొట్టి, ఆ గీత పక్కన సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. గడియారంలో ఇంకా ఐదు కాలేదు, నాలుగూ నలభై అయింది. ఇరవై నిమిషాలు ముందే అయిపోయిందని ఎందుకో అక్కడ నిలబడి తెగ బాధపడ్డాను. మీ బావ వచ్చి చెయ్యి పట్టుకుని బస్సెక్కించారు. దారి పొడుగునా ఒక్క జోకూ వెయ్యలేదు, దానికి ఇంకా భయమేసింది.

ఇంటికొచ్చి నీ జనవరి ఉత్తరం మళ్ళీ చదివాను. నాన్న తలుపు దగ్గర నిలబడటం, ఆ పదకొండు దాకా నిలబడటం, అది నన్ను వదల్లేదు. నాకు ఆయన మీద కోపం ఉంది, ఇంకా ఉంది. ఆయన అన్నం తినలేదంటే మాత్రం నేను కూడా కంచం ముందునుంచి లేచిపోయాను. రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో నన్నడక్కు.

సోమవారం మా నాలుగో తరగతికి ఇరవై తీసివేతలు ఇచ్చాను. యాభై ఎనిమిది మంది రాశారు. ఒక్కొక్కటీ చూశాను. సున్నా భయం ఉన్నవాళ్ళు పదకొండు మంది, పెద్దంకెలోంచి చిన్నంకె తీసేవాళ్ళు ఇరవై మూడు మంది. ఇంకో పిల్ల పదిని పక్కింటి అంకె నుంచి తెచ్చుకుని, అక్కడ తగ్గించడం మర్చిపోయింది. ఇప్పుడైతే నాకు కళ్ళు మూసుకున్నా కనపడుతున్నాయి. జిరాక్సు తీసి పెట్టుకోమని మీ బావ అన్నారు. తీయలేదు. ఇంక దేనికి?

ఈ పార్సిల్‌లో ఆ కట్ట ఉంది. తప్పులు ఎక్కువున్న పేపర్లు పైన పెట్టాను, ఆయనకి పొద్దున్నే చేతినిండా పని దొరుకుతుందని. మూడు రోజులు వస్తుంది. గురువారానికి మూడో తరగతివాళ్ళవి పంపుతాను. వారానికి రెండు కట్టలు నేను చూసుకుంటాను, తలుపుకి గడియ తీసెయ్.

రబ్బరు కొత్తది కొనివ్వు. పాతది కాగితం చింపుతుంది.

ఈ పేపర్లు ఎవరు పంపారని ఆయన అడుగుతారు. ఎవరో టీచరని చెప్పు. ఎంతవరకు చదువుకుందని కూడా అడుగుతారు, కొత్త టీచరు ఎవరొచ్చినా ఆయన మొదట అడిగేది అదే. దానికి ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు తమ్ముడూ. నీకు తోచింది చెప్పు.

అక్క